పుట్టినతేదీ లేని కళాకారులు

మన సంఘం సమావేశం ఎప్పుడు జరిగినా ముందుగా కార్యదర్శి గారు ఈమధ్య కాలం చేసిన సభ్యుల పేర్లు చదువుతారు. అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ పట్టుకుని నిలబడతారు. 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పోయారు. కరోనా సడలి మనం మళ్లీ కలుసుకున్న మొదటి సమావేశంలో ఒక మిత్రుడు లేచి, "ఆయన మన సంఘం సభ్యుడు కాకపోవచ్చు, కానీ మనందరి ఇళ్లలోనూ మనిషే, ఆయనకి కూడా నిలబడదాం" అన్నారు. నిలబడ్డాం. ఆ రెండు నిమిషాల్లో నాకు బాలు గారితో పాటు మరొకాయన కూడా జ్ఞాపకం వచ్చారు. ఆయన పాట రికార్డుల్లో లేదు, ఆయన ఫోటో ఎక్కడా లేదు. ఆయన కాగితం ఒకటి మాత్రం ఒకప్పుడు నా టేబుల్ మీదకి వచ్చింది.

ప్రత్యేక సంచికకి చరిత్ర సంబంధమైన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నా మనసు ఆ కాగితం దగ్గరికే పోయింది. అయితే ఆ ఒక్క సంగతే రాస్తే స్వవిషయం అవుతుంది గనుక, మన పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల్లో పాడి, ఆడి, వెళ్లిపోయిన కళాకారుల గురించి నా ఎరికలో ఉన్నంతవరకు రాస్తాను. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాదు. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిన మామూలు గుమాస్తాని. తప్పులుంటే పెద్దలు దిద్దుకోగలరు.

నేను 1950లో పుట్టాను. ఆ ఏడాదే ఆగస్టు 15న మన శ్రీకాకుళం జిల్లా కూడా ఏర్పడింది. అంతకు ముందు మనం విశాఖపట్నం జిల్లావాళ్లం, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందైతే గంజాం జిల్లావాళ్లం. మా నాన్నగారి తరం వాళ్లకి కచేరీ అంటే బరంపురమో, ఛత్రపురమో. అందుకే మన వైపు పాటకి ఎప్పుడూ రెండు భాషలు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఊళ్లలో ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ ఆడేవారు. మెట్లమెట్లుగా కట్టిన వేదిక, పై మెట్టు మీద హిరణ్యకశిపుడు, కింద మద్దెల, తాళాలు. మాట ఒడియా, మధ్యలో సంస్కృతం, అక్కడక్కడ తెలుగు. ఆ నాటకం జలంతర జమీందారు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ప్రసిద్ధం. జలంతరకోట ఇప్పటి మన కంచిలి మండలంలోనే ఉంది. గంజాం వాళ్లు దాన్ని తమ జిల్లా గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అది పుట్టిన కోట మన వైపుది అన్న సంగతి మాత్రం మన పిల్లలకి తెలియదు.

మా చిన్నప్పుడు వినోదం అంటే ఎక్కువగా రాత్రి పూట సంగతి. పగలు జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పని. అమ్మవారి సంబరాలు వస్తే పెట్రోమాక్స్ లైట్లు అద్దెకి తెచ్చేవారు. యాదవుల తప్పెటగుళ్లు వచ్చేవి. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో పదిహేను ఇరవై మంది ఒకే అడుగు వేస్తుంటే నేల అదిరేది. తూర్పు భాగవతం వచ్చేది. సత్యభామ వేషం కట్టిన మగమనిషి జడ ముందుకు వేసుకుని మద్దెలగాడితో వాదం పెట్టుకుంటే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. డబ్బున్న ఊళ్లలో కాంట్రాక్టు నాటకాలు పెట్టేవారు. నటులు మెయిలు దిగి పలాస స్టేషన్లో బల్లల మీద హార్మోనియం పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుని ఉండగా చూడడం మాకు సగం నాటకం చూసినట్టే. టెక్కలి మీదుగా పోవలసినవాళ్లు నౌపడలో చిన్నరైలు ఎక్కేవారు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్నరైలు సైకిలు తొక్కేవాడితో పందెం వేసి ఓడిపోయేదని మా మేనమామ అనేవాడు. ఆయన మాటల్లో కొంత కోత వేసుకోవాలి.

ఇక జముకుల కథ. ఇది ఇతర జిల్లాల వాళ్లకి బుర్రకథ అంత తెలియదు గనుక కొంచెం వివరంగా రాస్తాను. జముకు అనేది ఒక గుల్ల. ఒక పక్క తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు మధ్యలో నుంచి ఒక నరం బయటికి తీసి, దాని చివర చిన్న కర్రముక్క కడతారు. గుల్లని ఎడమ చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో ఆ కర్రముక్క పట్టి నరాన్ని లాగి, కుడి చేత్తో మీటుతారు. బిగిస్తే నాదం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. ఆ జారుడులోనే దాని ప్రాణం ఉంది. మృదంగానికి గానీ డప్పుకి గానీ అది లేదు. మనిషి ఏడుస్తూ మాట్లాడినట్టూ ఉంటుంది, వెక్కిరించినట్టూ ఉంటుంది. కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. కథకుడు చెబుతుంటే ఒక వంత "ఊఁ" కొడతాడు, రెండో వంత నడుమ నడుమ హాస్యం ఆడతాడు. అసలు ఇది అమ్మవారి కొలువులో ఎల్లమ్మ కథ చెప్పుకునే విద్య. తెల్లవారేసరికి కథ పూర్తి కావాలి, కాకపోతే ఊరికి అరిష్టం అనేవారు. అందుచేత కథకుడికి గొంతు పోయినా ఆపడానికి లేదు.

మందస వైపు ఉద్దానం ఊరి నుంచి ఒకాయన మా ఊరి సంబరానికి ఏటా వచ్చేవారు. పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు, జముకాయన అనేవారు. ఇక్కడ కూడా నేను పేరు రాయడం లేదు. దానికి కారణం తరువాత చెబుతాను. నాకు పదేళ్లప్పుడు ఆయనకి ముప్పై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, చెవులకి పోగులు, మెడలో ఎర్ర గుడ్డ. రేణుక తల మొండెం వేరయిన ఘట్టం దగ్గర ఆయన పాట ఆపేసి వట్టి జముకు మాత్రం మోగించేవారు. ఆ మోత ఇంత పొడుగున సాగేది. సంబరంలో పిల్లలు, తాగినవాళ్లు, అందరూ నిశ్శబ్దం అయిపోయేవారు. కొన్ని దశాబ్దాల తరువాత పెద్ద పెద్ద విద్వాంసుల కచేరీలు విన్నాను. అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా వినలేదు.

పెద్ద విద్వాంసులు అంటే మన ఉత్తరాంధ్రకి విజయనగరమే కాశీ. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864 ఆగస్టు 31న పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథా పితామహులు. 1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల పెట్టి ఆయన్ని మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టారు. 1945 జనవరి 2న కాలం చేశారు గనుక ఆయన్ని చూసే భాగ్యం మా తరానికి లేదు. మా నాన్నగారు ఒకసారి విన్నారట. ఆ ఒక్కసారిని ముప్పై ఏళ్లు చెప్పుకున్నారు. అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యులై, తరువాత ప్రిన్సిపాలు అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1964 నవంబరు 25న పోయారు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం విజయనగరం వచ్చి, ఇంటింటా మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న కుర్రవాడు ఘంటసాల. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయిన వార్త మా కార్యాలయంలో తెలిసినప్పుడు నేను కొత్తగా చేరినవాణ్ణి. మా హెడ్ క్లర్కు చాలా కఠినమైన మనిషి. ఆ రోజు మధ్యాహ్నం ఆయన కలం మూత పెట్టి, సాయంత్రం దాకా తీయలేదు.

పద్య నాటకం వైపు చూస్తే పీసపాటి నరసింహమూర్తి గారు. వంతరాం గ్రామం ఆయనది. పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడు. ఆ రాగాలాపన వేరు, ఆ చిరునవ్వు వేరు. రాయబారం పద్యాలు ఆయన పాడుతుంటే పక్క పాత్రధారులు కూడా ప్రేక్షకులు అయిపోయేవారు. ఆయన 2007లో కన్నుమూశారు.

మన గుమాస్తా కులానికి చెందిన వారొకరున్నారు, వారిని విడిచిపెట్టడానికి లేదు. ప్రియాగ్రహారానికి చెందిన గరిమెళ్ల సత్యనారాయణ గారు గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగా కొన్నాళ్లు పనిచేశారు. ఉద్యోగం వదిలి, తెల్లదొరతనం మీద పాట కట్టి ఊరూరా తనే పాడి, 1922లో జైలుకి పోయారు. 1952లో మద్రాసులో దరిద్రంతో పోయారు. ఆయన కచేరీ ఉద్యోగంలోనే ఉండిపోయి ఉంటే పింఛను వచ్చేది. ఈ లెక్క వేయడం గుమాస్తా బుద్ధి, క్షమించాలి.

ఇక మన శాఖకే చెందిన మహానటుడు జె.వి. సోమయాజులు గారు. మన జిల్లా లుకలాం అగ్రహారంలో 1928లో పుట్టారు. తమ్ముడు రమణమూర్తి గారిది కూడా ఆ ఊరే. అన్నదమ్ములిద్దరూ 1950లలో కన్యాశుల్కం నాటకం పట్టుకున్నారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. దశాబ్దాల పాటు ఆడారు. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉంటూనే నాటకం ఆడేవారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ ఉండగా కె. విశ్వనాథ్ గారు శంకరాభరణంలో శంకరశాస్త్రి వేషం ఇచ్చారు. 1980 ఫిబ్రవరి 2న బొమ్మ విడుదలైంది. నాకు బాగా జ్ఞాపకం, మా సెక్షన్ అంతా కలిసి కాశీబుగ్గలో చూశాం. అప్పటిదాకా మా వాళ్లకి డిప్యూటీ కలెక్టరు అంటే ఇన్స్పెక్షన్, మెమో. ఆ రోజు తెర మీద ఒక డిప్యూటీ కలెక్టరు తంబురా పట్టుకుని కూర్చుంటే మా అటెండరు పక్కవాళ్లకి "మన డిపార్టుమెంటే" అని గట్టిగా చెప్పాడు. గొంతు బాలు గారిది. ఆ పాటలకి బాలు గారికీ, వాణీ జయరాం గారికీ, సంగీతం కూర్చిన కె.వి. మహదేవన్ గారికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. మహదేవన్ గారు 2001లో, సోమయాజులు గారు 2004 ఏప్రిల్ 27న, రమణమూర్తి గారు 2016 జూన్ 22న, బాలు గారు 2020లో వెళ్లిపోయారు. విశ్వనాథ్ గారు 2023లో సరిగ్గా ఆ ఫిబ్రవరి 2నే పోయారు. రెండు రోజులు తిరగకుండా వాణీ జయరాం గారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ఉద్యోగంలో ఉన్న ముప్పై అయిదేళ్లూ నేను నోరు విప్పని సంగతి.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులని కాల్చి చంపిన దగ్గరి నుంచి మన జిల్లాలో ఏం జరిగిందో ఈ సంచిక చదివే పెద్దలందరికీ తెలుసు. ఆ ఉద్యమం తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. నేను చెప్పేది ఒక గొంతు గురించి. సుబ్బారావు పాణిగ్రాహి గారు బొడ్డపాడులో గుడి పూజారి. కవి, గాయకుడు. ఎల్లమ్మ కథ చెప్పే జముకునే తీసుకుని దాని మీద రైతుల కథ చెప్పారు. మనకి తెలిసిన బాణీ, మనకి తెలిసిన "ఊఁ". కథ మాత్రం షావుకారుది, అప్పుపత్రానిది. 1968లో ఒక ఉద్దానం ఊళ్లో నేను ఆ కథ విన్నాను. నాకు పద్దెనిమిదేళ్లు. జనం వెనక నిలబడి విన్నాను. పెద్ద గొంతు కాదు గానీ మాట ప్రతి ఒక్కరి చెవిలో వేరువేరుగా చెప్పినట్టు ఉండేది. పాటల పుస్తకం ఒకటి పావలాకో, ఎంతకో కొన్నాను.

1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో పోలీసు కాల్పుల్లో పోయినవారిలో ఆయన కూడా ఉన్నారు. ఆ వారంలోనే మా నాన్నగారు నా పుస్తకం పొయ్యిలో పెట్టారు. నేను చూస్తూ ఊరుకున్నాను. తరువాత నా ఉద్యోగానికి పోలీసు విచారణ వచ్చినప్పుడు ఆ సభలకి ఎప్పుడైనా వెళ్లావా అని అడిగారు. లేదు అన్నాను. ఆ ఒక్క "లేదు" మీద నా ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు, ఈ పింఛను అన్నీ నిలబడి ఉన్నాయి.

దాని దెబ్బ అసలు జముకు వాళ్ల మీద పడింది. అమ్మవారి కథ తప్ప ఇంకోటి ఎరగనివాళ్లు కూడా జముకు బయటికి తీయడానికి భయపడ్డారు. మా జముకాయన్ని కూడా ఒకసారి పిలిపించి ఏం కథలు చెబుతావని అడిగారట. ఆయన అక్కడే ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే నవ్వి పంపేశారట. పంపేసినా ఆయన జముకుని గోనెలో చుట్టి అటక ఎక్కించారు. ఆ తరువాత కొన్నేళ్లు మా ఊరి సంబరానికి రాలేదు. ఆయన బదులు రికార్డింగ్ డాన్సు వచ్చింది. ఊరికి అరిష్టం ఏమీ జరగలేదు.

ఆ పాటని మళ్లీ జనంలోకి తెచ్చినవారు వంగపండు ప్రసాదరావు గారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం. జననాట్యమండలి తో తిరిగారు. మన ఉత్తరాంధ్ర యాస సినిమాల్లో నవ్వులాటకి వాడే రోజుల్లో ఆయన అదే యాసలో పాడి, దక్షిణాది వాళ్ల చేత కూడా పాడించారు. కాలికి గజ్జె కట్టి, గొంగళి వేసుకుని ఆయన అడుగు వేస్తుంటే ఉద్యోగస్తులం దూరంగా, టీ కొట్టు పక్కన, వేరే పని మీద వచ్చినట్టు నిలబడి వినేవాళ్లం. ఆయన 2020 ఆగస్టు 4న పోయారు. కరోనా రోజులు కావడం వల్ల ఆయనకి రావలసినంత జనం రాలేదు. వచ్చే నెలలో బాలు గారు. ఆ ఏడాది అలాంటిది.

ఇంక ఆ కాగితం సంగతికి వస్తాను.

1991లో నేనున్న కార్యాలయానికి వృద్ధ కళాకారుల పింఛను దరఖాస్తులు వచ్చేవి. మేము వాటిని పరిశీలించి పైకి పంపాలి. కార్యాలయం పేరు ఎందుకు, అందులో పనిచేసినవాణ్ణి నేనే. దరఖాస్తుతో పాటు ఆదాయ ధృవీకరణ, కళాకారుడని ఇద్దరు పెద్దల సంతకాలు, వయసు ధృవీకరణ ఉండాలి. ఒక దరఖాస్తులో వృత్తి అన్న చోట "జముకు" అని ఎవరో కుర్రవాడి చేతివ్రాతతో ఉంది. కింద వేలిముద్ర. వయసు ధృవీకరణ లేదు. నేను ముద్రించి ఉన్న పత్రంలో ఖాళీ నింపి, "వయసు రుజువు జతపరచనందున తిప్పి పంపడమైనది" అని రాసి అధికారి సంతకానికి పెట్టాను. అలాంటివి ఆ రోజు పన్నెండో, పదమూడో తిప్పి ఉంటాను.

నెల తరువాత ఆయనే వచ్చారు. నేను గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. వరండాలో నిలబడి నమస్కారం పెట్టారు.

"బావూ, నాను పుట్టిన రోజు మా అమ్మకి తప్ప ఎవులికీ తెల్దు. ఆ అమ్మ పోయి ముప్పై ఏళ్లయిపోనాది."

బడిలో చదివారా అంటే లేదన్నారు. ఊరి కరణం దగ్గర ఏదైనా ఉందేమో అన్నాను. అన్న తరువాత నాకే గుర్తొచ్చింది, కరణం, మునసబు పదవులు 1984లోనే రద్దయ్యాయి. ఆ ఊరి రికార్డులు ఎవరి అటక మీద చెదలు పట్టాయో.

"గున్నమ్మని కాల్సీసినప్పుడు నాను ఆవుల్ని కాసీవోడిని బావూ. ఊరూ ఊరూ పరుగులెట్టీసినారు. ఆవులు వొగ్గీసి నానూ పరుగెట్టీసినాను. దెబ్బలు తిన్నాను. అది రాసుకోండి."

మందస రైతుల పోరాటంలో వీరగున్నమ్మ పోలీసు కాల్పుల్లో పోయింది 1940 ఏప్రిల్ 1న. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆవులు కాసే వయసంటే పది, పన్నెండు. అంటే ఆయన పుట్టింది 1928, 1930 మధ్య. లెక్క నాకు అక్కడ నిలబడే తెలిసింది. సోమయాజులు గారి ఈడు. ఆ లెక్క వేసే పత్రం మా దగ్గర లేదు. అయితే ఒక దారి ఉంది. ప్రభుత్వ డాక్టరు గారి దగ్గరికి పంపి వయసు అంచనా సర్టిఫికెట్ తెప్పించవచ్చు. దానికి మా కార్యాలయం నుంచి ఒక చిన్న ఉత్తరం పోవాలి. నాలుగు వాక్యాల ఉత్తరం. నేను "రెండు వారాలు పోయాక కనబడు" అన్నాను. ఆయన ఇంకా రెండుసార్లు కనబడ్డారు. ఒకసారి నేను సెలవు. ఇంకోసారి ఎన్నికల పని. ఆ ఉత్తరం రాయకపోవడానికి నాకు ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. ఆయన మీద కోపమా, లేదు. తీరిక లేదని అనుకున్నాను. అది నిజం కాదు. ఆ జముకు పేరు మీద నా సంతకంతో ఒక కాగితం పైకి పోతే, ఎక్కడో ఎవరో నా పాత "లేదు"ని తవ్వుతారేమో అన్న పిరికితనం ఒకటి లోపల ఉండేదని ఇప్పుడు అనుకుంటున్నాను. అది కూడా పూర్తిగా నిజమో, నన్ను నేను కాస్త పెద్దవాణ్ణి చేసుకోవడమో తెలియదు. వట్టి బద్ధకం కూడా కావచ్చు.

1994లో ఆయన కొడుకు మరో పని మీద వచ్చాడు. రేషను కార్డులో ఒక పేరు తీసేయాలి. జతపరచిన పత్రం చూశాను. మరణ ధృవీకరణ పత్రం, పంచాయతీ సీలు, రోజు, నెల, సంవత్సరం అన్నీ సక్రమంగా ఉన్నాయి. ప్రభుత్వ రికార్డులో ఆయనకి ఉన్న తేదీ అదొక్కటే. ఆ పని నేను ఆ పూటే పూర్తి చేసి ఇచ్చాను. కొడుకు నాకు చాలా కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు.

బాలు గారికి నిలబడిన ఆ రెండు నిమిషాల తరువాత నేను ఆ ఊరు వెళ్లాలని అనుకున్నాను. అనుకున్న చాలా కాలానికి, పోయిన సంక్రాంతికి మనవడి మోటారు సైకిలు మీద వెళ్లాను. దారి పొడుగునా 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను గుర్తులు ఇంకా ఉన్నాయి. కూలిన కొబ్బరి చెట్ల చోట పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి. ఆ ఊళ్లో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. పలాసలో ఆ జబ్బుకి ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభించారు. అంతకు ముందు పోయినవాళ్లలో పాడేవాళ్లు ఎందరో.

కొడుక్కి ఇప్పుడు అరవై దాటాయి. నన్ను గుర్తుపట్టలేదు. నేను ఎవరో చెప్పి, 1991 నాటి సంగతి కూడా చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, "పోనీండి బావూ, అప్పుడు అందరికీ అలాగే తిప్పీవోరు" అన్నాడు. ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు. జముకు ఏదని అడిగాను. తుపానుకి పెంకులు లేచిపోయి తడిసిందట. తోలు చిరిగింది, గుల్ల మాత్రం ఉంది. దాంట్లో మేకులు, మరలు వేసి పెట్టుకున్నారు. చూడనిచ్చాడు. మేకులు కింద పోసి గుల్ల నా చేతికి ఇచ్చాడు. అంచు దగ్గర ఎడమ చంక రాసుకున్న చోట నున్నగా అరిగి ఉంది.

తండ్రి గురించి పత్రికలో రాస్తానంటే పేరు వద్దన్నాడు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అమ్మవారి దగ్గర కథలు చెప్పుకుని బతికిన ఇల్లని అచ్చులో రావడం ఇష్టం లేదు. పైన పేరు రాయకపోవడానికి అదే కారణం. మా మనవడు మధ్యలో కలగజేసుకుని, ఇప్పుడు మన పాటలకి మంచి రోజులు వచ్చాయనీ, 2020లో వచ్చిన పలాస 1978 సినిమాలో మన జానపదం ఒకటి రాష్ట్రమంతా మోగిందనీ ఫోన్ తీసి వినిపించాడు. పిల్ల లోపలి నుంచి తొంగి చూసి, ఆ పాట తనకీ వచ్చు అంది. తండ్రి ఆమె వైపు చూసేసరికి లోపలికి పోయింది.

వంతలిద్దరూ ఎవరని అడిగాను. ఒకాయన పోయాడు, ఎప్పుడో కొడుక్కి తెలియదు. హాస్యం ఆడే రెండో వంత మాత్రం ఉన్నాడు, రెండు వీధులు అవతల. వెళ్లాం. అరుగు మీద పడుకుని ఉన్నాడు, చెవులు సరిగా వినబడవు. ఇప్పుడు నెల నెలా నాలుగు వేల వృద్ధాప్య పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారట. వయసెంత తాతా అని గట్టిగా అడిగాను. తలగడ కింద నుంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చాడు. పుట్టిన తేదీ 01-01-1940 అని ఉంది.

"సరైన తేదీయేనా?" అన్నాను.

"ఆ మిషను కుర్రోడు ఏసినాడు బావూ," అని నవ్వాడు. "నాను ఒద్దన్నానేటి?"